రిమార్కుల గడి

ఖాళీల పట్టిక మళ్లొచ్చింది.
మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవి,
సబ్జెక్టు, రోస్టరు పాయింటు.
పదకొండేండ్ల సంది నింపుతున్న గళ్లే.
పిల్లలు ఇంట్ల ఏ మాట మాట్లాడుతరో
రాసే గడి మాత్రం లేదు.

ఇప్పగూడెం బడి.
ఏటూరునాగారం దాటినంక
తారురోడ్డు ఇడిచి ఆరు కిలోమీటర్లు.
ఇరవై ముగ్గురు, అందరూ కోయ పిల్లలే.
మూడేండ్ల కింద రెండు భాషల వాచకం వచ్చింది:
ఎడమ పేజీల వాళ్ల మాట,
కుడి పేజీల మన మాట.
పుస్తకాలైతే వచ్చినయి.
ఎడమ పేజీ చదివి చెప్పేటోళ్లే రాలేదు.

శ్రీవాణి టీచరు వచ్చింది హన్మకొండ నుంచి,
జిల్లాల నాలుగో ర్యాంకు.
మంచి మనిషి, ఆ మాట దాచొద్దు.
వచ్చిన్నాడే గోడలకు రంగుల అక్షరాలు అతికించింది
సొంత పైసలతోని.
తెల్లారి ఒకటో తరగతి పిల్లగాడు లేచి
"ఏరు, ఏరు" అన్నడు.
ఆమె కిటికీల నుంచి బయటికి చూసింది
వాగెక్కడ పొంగిందో అని.
వాడు నీళ్లడుగుతున్నడు.
కొంచెంసేపు నిలబడి మల్ల కూసున్నడు.
ఇంకో రోజు ఓ పిల్ల కండ్లు తుడుచుకుంట
"లోను, లోను" అంటే
నెలనెలా జీతంల కోతపడే బ్యాంకు లోను యాదికొచ్చి
నవ్వింది పాపం.
ఆ పిల్ల ఇల్లు అంటున్నది.
ఇంటికి పోతనంటున్నది.

రెండేండ్లు నిండంగనే బదిలీల వెబ్‌సైటు తెరుచుకున్నది.
పోయేనాడు ఏడ్చింది శ్రీవాణి.
అది మాత్రం పిల్లలకు అర్థమైంది.

ఆమెకు ముందు, ఆమె ఉండంగ, ఆమె పోయినంక కూడ
ఇర్ప సుగుణ ఉన్నది.
ఈ గూడెం పిల్లే. డీఎడ్ చదివింది,
టెట్‌ల మూడు మార్కులు తక్కువ.
వలంటీరు కింద పెట్టుకున్నం.
జీతమనొద్దు, గౌరవ వేతనం అనాలె.
గౌరవం నెలనెలా వచ్చేది,
వేతనం దసరాకొకసారి, ఉగాదికొకసారి.

ఆమె పాఠం చెప్తుంటే వరండాల కూసొని విన్న.
పిల్లలు ఎడమ పేజీ మీద వేలు పెట్టి
మెల్లగ కుడి పేజీకి జరిపేటోళ్లు,
వాగుల రాళ్ల మీద దాటినట్టు,
ఒక కాలు గట్టిగ ఆనినంకనే
రెండో కాలు లేపినట్టు.
తప్పులు మాట్లాడే పిల్లలు
నాకు అప్పుడే మొదలు కనపడ్డరు.
అంతకుముందు మాట్లాడని పిల్లలే ఉండేటోళ్లు.

మాఘమాసంల మంగపేట దిక్కు
మిరప ఏరే కూలి మూడు వందల యాభై.
ఏ పొద్దుది ఆ పొద్దే, చేతిల.
చాక్‌పీసుల డబ్బా నా బల్ల మీద పెట్టి
"తమ్ముని ఫీజు కట్టాలె సార్" అన్నది సుగుణ.
ఉండుమనే మాట నోటిదాకా వచ్చింది.
ఏం జూపి ఉండుమంట?

అందుకే ఈసారి పట్టిక కొసన,
ఎప్పుడూ నిల్ అని రాసే రిమార్కుల గడిల, రాసిన:
"ఏరు అంటే ఏందో తెలిసిన మనిషి కావాలె.
ఉన్నది. నిలుపుకోనీకి దారి చూపుండ్రి."

వారానికి ఆఫీసు నుంచి ఫోను.
"హెడ్మాస్టరు గారూ, మీ ఏరు సంగతి
పంచాయతీరాజ్ ఇంజినీరుకు పంపినం.
వంతెనకు ఎస్టిమేటు వేస్తరట.
దారి కూడ చూస్తరట."

సరే సార్ అన్న. ఏమనాలె?
వంతెన మంచిదే.
బదిలీ మీద పోయేటోళ్లకు
బురద అంటకుంట ఉంటది.

శనివారం బడి ఇడిచినంక
తోటకాడికి పోయి సుగుణకు చెప్పిన.
ఎర్రటి కుప్ప పక్కన నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆమెకు.
తల్లుల ఎంబడొచ్చిన నా బడి పిల్లలు ఆరుగురు,
పొద్దుగాల హాజరుపట్టీల నేను సున్నా సుట్టినోళ్లే,
కాయలు పదేసి పదేసి లెక్కవెడుతున్నరు
సగం వాళ్ల మాటల, సగం మన మాటల.
ఆమె దిద్దుతున్నది, ఒళ్లె కాయలేసుకుంటనే.

మంటపుట్టిన చేతులు నా ముందటికి చాపి
"ఏరు" అన్నది.

సీసా మూత తీసి పోసిన.
పదకొండేండ్లకు
ఒక్క మాట.